పెద్దాయన బావికి రెండు పార్టీల దండలు

మా అవ్వ ఊరు మైపాడుకు దగ్గరే, సముద్రం పక్కన. సరుగుడు తోపు దాటగానే ఒక బావి కనిపిస్తుంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మా వైపు నుంచి మంత్రి అయిన నాయకుడొకాయన తవ్వించాడు. అందరూ దాన్ని పెద్దాయన బావి అంటారు.

ఆయన్ని దగ్గరగా చూసినవాళ్లలో ఇప్పుడు మిగిలింది మా అవ్వే. ఆయన ఊళ్లో మీటింగు పెట్టిన రోజుకు ఆమె ఇంకా పరికిణీ కట్టే పిల్ల. ఏం కావాలో చెప్పమని ఆయన అడిగితే మగవాళ్లు రోడ్డు అన్నారు, గుడికి ప్రహరీ అన్నారు. వెనకాల ఖాళీ బిందెతో నిలబడ్డ మా అవ్వ "నీళ్లు!" అని అరిచింది. వాళ్ల నాయన గుడ్లురిమాడట. పెద్దాయన మాత్రం లేచి, "యాడ తెస్తావు తల్లీ నీళ్లు? చూపించు పద" అంటూ ఆమె వెంట ఇసుకలో నడిచాడు. ఆమె చెలమ తోడి, ఊరిన నీళ్లను ముంతతో బిందెలోకి పోస్తుంటే చూస్తూ కూర్చున్నాడు. తిరిగొచ్చేటప్పుడు బిందె తనే భుజానికెత్తుకున్నాడు. అలవాటు లేని పని కదా, పంచె, చొక్కా తడిసి ముద్దయ్యాయి. ఆ ఎండాకాలం ముగిసేలోపే బావి పని మొదలైంది.

ఈ కథ చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. అంతా నాకు తెలుసనే అనుకున్నాను.

మొన్న ఆయన జయంతికి నేను నెల్లూరు నుంచి వెళ్లాను. ఆ రోజు బావి పక్కన పందిరి వేసి పెద్ద హడావుడి. అధికారంలో ఉన్న పార్టీ నాయకుడు ఒక చామంతి దండతో వచ్చాడు. ప్రతిపక్ష నాయకుడు అంతకన్నా పెద్ద దండతో వచ్చాడు. పెద్దాయన ఆశయాలకు అసలు వారసులం మేమంటే మేమని ఇద్దరూ మైకుల్లో చెప్పుకున్నారు. బావికి దండ ముందు ఎవరు వేయాలన్న దగ్గర మాట తెగలేదు. చివరికి ఇద్దరూ మా అవ్వ దగ్గరికి వచ్చారు.

"అవ్వా, నువ్వు చూసినదానివి. పెద్దాయన ఈరోజు ఉంటే ఏ పార్టీలో ఉండేవాడో నువ్వే చెప్పు" అన్నాడు మొదటి నాయకుడు.

"నేనెట్ట చెప్తాను అబ్బయ్యా? నేను ఆయనకి ఓటే వెయ్యలే" అంది అవ్వ.

మైకు ఆమె నోటి దగ్గరే ఉంది. ఆ మాట తోపు చివరిదాకా వినిపించింది. నేను ఆమె కొంగు పట్టి లాగాను. అవ్వ ఆగలేదు.

"నా మొదటి ఓటప్పుడు ఆయన మళ్లీ వచ్చినాడు. ఆయన మీద మా పడవలోళ్ల మనిషి నిలబడి ఉండాడు. నేను దాచిపెట్టలే. అయ్యా, ఓటు మాత్రం మావోళ్లకే అని మొహానే చెప్పినా. ఆయనేమో పకపకా నవ్వినాడు. బావి నీళ్లు ఎట్టుండాయి అని అడిగినాడు. తియ్యంగా ఉండాయి అన్నా. అయితే చాల్లే తల్లీ, బావికీ ఓటుకీ ముడి పెట్టబాకు, మీవోడు గెలిస్తే పని చేయించుకో అన్నాడు."

నాయకులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అవ్వే మళ్లీ అందుకుంది.

"వారసులమంటన్నారు గదా. పందిట్లో మజ్జిగ కలపాల. ఒక్కో బిందె తోడుకొని రాండి, చూస్తాం."

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. ఇక తప్పించుకునే దారి లేదు. ఇద్దరూ చొక్కా చేతులు మడిచి గిలక దగ్గరికి వెళ్లారు. మొదటాయన చాంతాడు లాగుతుంటే బొక్కెన గోడకు కొట్టుకుని సగం నీళ్లు లోపలే ఒలికిపోయాయి. రెండో ఆయన "నువ్వు బిందె పట్టుకో అన్నా, నేను లాగుతా" అన్నాడు. అంతకుముందు మైకులో ఆ అన్ననే తిట్టిన నోరది. బిందెలు భుజాన పెట్టుకుని పందిరి దాకా నడిచేసరికి గంజి పెట్టిన తెల్ల చొక్కాలు రెండూ ఒంటికి అతుక్కుపోయాయి. మొదటాయన తనను తాను చూసుకుని ముందు నవ్వాడు. ఆ తర్వాత నవ్వనివాళ్లు లేరు. ఉప్పు, పచ్చిమిరపకాయ దంచి వేసిన ఆ మజ్జిగను రెండు పార్టీలవాళ్లూ ఒకే వరుసలో నిలబడి తాగారు. దండలు ఇద్దరూ కలిసే వేశారు.

అందరూ వెళ్లిపోయాక అవ్వను అడిగాను.

"ఓటు సంగతి ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెప్పుడన్నా అడిగినావా? ఎప్పుడూ బిందె కథే చెప్పమంటివి" అంది.

నా దృష్టిలో అప్పటిదాకా పెద్దాయన బిందె మోసిన మంచి మనిషి. ఓటు వేయనని మొహాన చెప్పిన ఆడమనిషి ముందు అంత హాయిగా నవ్వగలిగినవాడని ఆ రోజే తెలిసింది. ఆయన మీద ఇష్టం ఇంకా పెరిగింది.

అవ్వ అప్పటికే బావి గట్టు మీద కూర్చుని ఒక దండ విప్పుతోంది.

"ఎండలో వాడిపోవడం ఎందుకే, ఇట్ట రా" అని నా జడలో చామంతులు తురిమింది. నీళ్లకు వచ్చిన ఆడవాళ్లందరికీ తలా ఒక గుప్పెడు పంచింది.