ఏకాంబరం చెప్పిన ఎండ

ఎనభైల మొదట్లో తిరుచానూరులో ఏకాంబరం అని ఒక లాడ్జీ గుమాస్తా ఉండేవాడు. ఆయనకు వాతావరణం పిచ్చి. పిచ్చంటే మామూలు పిచ్చి కాదు. గది ఖాళీ ఉందా అని యాత్రికులు అడిగితే, ఉంది గానీ ఎల్లుండి వాయుగుండం వస్తోంది, చూసుకోండి అనేవాడు. ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకుని, బంగాళాఖాతం అన్న మాట వినగానే పెళ్లికబురు విన్నట్టు మురిసిపోయే మనిషిని ఆ వీధి అంతకుముందు చూడలేదు.

ఆయనకు జతగాడు దేవరాజులు, కొండ బస్సు డ్రైవరు. ఏ పక్క మబ్బు పట్టిందో ఘాట్ రోడ్డు మీద నుంచి చూసొచ్చి చెప్పడం ఈయన వంతు. దాన్ని రెండింతలు చేసి వీధిలో చాటడం ఏకాంబరం వంతు. ఒక యేడు సిమ్లాలో మంచు ముందుగానే పడిందని రేడియో చెప్పింది. ఇంకేముంది, ఆ చలి తిరుమలకు దిగుతుందని, కొండమీద మంచు కురవడం ఖాయమని ఇద్దరూ తేల్చేశారు. కంబళ్లు కప్పుకుని తెల్లారకముందే కొండెక్కారు. మంచు రాలేదు. జలుబు మాత్రం ఇద్దరికీ వచ్చింది.

తుపాన్ల సంగతీ అంతే. తీరం దాటినా దాటవచ్చని రేడియో ఆచితూచి చెప్పేది. ఏకాంబరానికి అంత ఓపిక ఎక్కడిది? వచ్చేసిందనేవాడు. ఆయన వాన అన్నరోజు ఎండ మాడ్చేసేది. ఎండ అన్నరోజు వాకిట్లో చెప్పులు కొట్టుకుపోయేవి.

ఎదురింటి మునిరత్నమ్మ ఇది బాగా కనిపెట్టింది. ఆమెది బొరుగుల వ్యాపారం. వడ్లు ఉడకబెట్టి, మిద్దె మీద ఆరబోసి, దంచి, వేడి ఇసుకలో వేయించాలి. ఆరబోసిన వడ్లు తడిస్తే ఇక పనికిరావు. అందుకని పొద్దున్నే ఏకాంబరాన్ని అడిగేది. ఆయన వాన అంటే గంపలు మిద్దెకెక్కేవి, ఎండ అంటే ఇంట్లోనే ఉండేవి. ఇన్నేళ్లలో ఒక్క గింజ తడవలేదు. వీధంతా నవ్వుకునేది. ఒక్కసారి నా మాట నిజం కానీ, అప్పుడు మీ సంగతి చెప్తానని ఏకాంబరం ఉడుక్కునేవాడు.

ఆ యేడు పంచమి తీర్థం దగ్గరపడింది. అమ్మవారి పుష్కరిణిలో మునగడానికి జనం విరగబడి వస్తారు. మునిరత్నమ్మ ఏడాది బతుకంతా ఆ నాలుగు రోజుల అమ్మకంలోనే ఉంది. ఉన్న వడ్లన్నీ ఒకేసారి ఉడకబెట్టేసింది.

ఆ పొద్దున దేవరాజులు కొండ దిగీ దిగగానే లాడ్జీకి పరుగెత్తుకొచ్చాడు. తూర్పంతా నల్లబడిందని, గాలి తిరిగిందని చెప్పాడు. రేడియో కూడా అదే మాట అంది. ఏకాంబరానికి ఒళ్లు పులకరించింది. వీధిలోకొచ్చి, మధ్యాహ్నానికి తుపాను వాన అని చాటాడు.

మునిరత్నమ్మ ముఖం వెలిగిపోయింది. "సల్లని మాట సెప్పినావు అన్నా," అని, గంపలు మిద్దెకెక్కించమని కోడలిని పిలిచింది.

అప్పుడు తెలిసొచ్చింది ఏకాంబరానికి. నోరు మూసుకుంటే చాలు, జన్మంతా కోరుకున్న గెలుపు మధ్యాహ్నానికల్లా చేతికొస్తుంది. ఆమె వడ్లు మాత్రం మట్టిపాలవుతాయి. పోనీ ఆపుదామంటే, నిజంగా వాన వస్తుందని నమ్మకమేమిటి? రాకపోతే గంపల్లోనే ముక్కిపోతాయి, ఆ పాపమూ తనదే. ఆకాశం చూశాడు. ఇంకా ఎండపొడ ఉంది. కోడలు మొదటి గంప నెత్తికెత్తుకుంది.

లోపలికెళ్లి, రేడియో చెవిన పెట్టుకుని మళ్లీ బయటికొచ్చాడు.

"మునిరత్నమ్మా, ఇప్పుడే సెప్పినారు. తుపాను ఒరిస్సాకు పోయిందంట. ఇంక ఎండే ఎండ. ధైర్యంగా ఆరబొయ్యి."

ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది. కోడలిని కేకేసి గంపలన్నీ లోపలికి చేర్పించింది.

మధ్యాహ్నం వాన దిగింది. సాయంత్రానికి వీధి ఏరయింది. ఏకాంబరం చెప్పిన ఎండలో మోకాళ్ల దాకా మునిగామని అరుగుల మీద జనం పడీపడీ నవ్వారు. ముందు వాన అన్నది కూడా ఈయనే కదా అని దేవరాజులు చెప్పబోతే, ఏకాంబరం ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నవ్వులు ఆగేదాకా ఆ పట్టు వదల్లేదు.

మర్నాడు తుపాను పోయిందని, ఎండ కాస్తుందని రేడియో చెప్పింది. ఏకాంబరం నిట్టూర్చి వాకిట్లోకొచ్చాడు. ఇంకో పెద్ద వాన ఉందని చెప్పాడు. గంపలు మిద్దెకెక్కాయి.

పంచమి నాడు మునిరత్నమ్మ మొదటి వాయి బొరుగులు పొట్లం కట్టి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"నువ్వు నూరేండ్లు సల్లగా ఉండాల అన్నా. నీ మాట తప్పినన్నాళ్లూ నా పొయ్యి ఆరదు."

ఏకాంబరం గుప్పెడు బొరుగులు నోట్లో వేసుకున్నాడు. కరకరలాడాయి.

"ఆ పూచీ నాది మునిరత్నమ్మా," అన్నాడు.