వెనక గేటు

రియాద్‌లో వినోదానికి కొదవేముందని ఎవరైనా అంటే సదానందం ముక్కుతో నవ్వుతాడు. పద్నాలుగేళ్లుగా ఏసీలు బాగుచేస్తున్న ఆ జగిత్యాల మనిషికి ఊళ్లోని సినిమాహాళ్లన్నీ తెలుసు, కప్పుల మీది నుంచి. ఏ హాల్లో ఏ బొమ్మ ఆడుతోందో చెప్పలేడు గానీ, ఏ మిషను ఎలా మూలుగుతుందో చెప్పగలడు. శుక్రవారం చొక్కా ఇస్త్రీ చేసుకుని బయటికెళ్లి, ఒక చాయ్ తాగి, ఆ చొక్కా నలగకముందే క్యాంపుకొచ్చి పడుకుంటాడు. అదే అతని షికారు.

కొత్తగా వచ్చినవాళ్లకు కాలక్షేపం కావాలని కంపెనీకి ఈమధ్య ఎక్కడలేని దయ పుట్టుకొచ్చింది. బుచ్చన్నకు, మరో ముగ్గురికి ఆటల పార్కు టికెట్లిచ్చి, తోవ తెలిసినవాడని సదానందాన్ని వెంట పంపింది. అతను తడుముకోకుండా నడిచి, చెత్తడబ్బాలు దాటించి, ఓ ఇనుప గేటు ముందు నిలబెట్టాడు. కాపలావాడు చెయ్యి చాపి, “వర్క్ పర్మిట్ దిఖావ్” అన్నాడు. సదానందం అలవాటు కొద్దీ జేబు వెతుక్కున్నాడు. బుచ్చన్న టికెట్టు చూపించాడు. కాపలావాడు నవ్వి, ఇది పనోళ్ల గేటని, టికెట్లవాళ్లు ముందు నుంచి రావాలని చెప్పాడు.

“ముందు గేటు ఎటున్నదే అన్నా?” అన్నాడు బుచ్చన్న.

“నాకేమెరుక? పద్నాలుగేండ్లల్ల అటుకెల్లి రమ్మని ఎవలన్న అన్నరా?”