చుక్క తర్వాతి అంకె

మా దేశం ఎంత పెద్దదంటే, ఒక మూల మంచుని పారలతో ఎత్తిపోస్తుంటే ఇంకో మూల ఫ్యాన్ కింద కూర్చుని ఉక్కపోతని తిట్టుకుంటుంటారు. అన్ని మూలలకీ కలిపి రాబోయే రెండు రోజుల వాతావరణం రాయడం నా ఉద్యోగం. పొద్దున పదింటికల్లా అది బయటికి వెళ్ళాలి. తప్పితే తిట్లు నాకు, నిజమైతే ఎవరికీ గుర్తుండదు.

నాకు ఆధారం ఊరూరా ఉన్న పరిశీలకులు పంపే అంకెలు. వాళ్ళలో ఒకావిడకి మా ఆఫీసు పెట్టిన పేరు ఊపిరక్క. ఉత్తరాన ఒక లోయలో ఉంటుంది. తండ్రి చేసిన పనే చేస్తోంది. పొద్దున ఐదున్నరకి పెరట్లోని తెల్ల చెక్కపెట్టె తలుపు తీసి, ఊపిరి బిగబట్టి, థర్మామీటర్‌లో చుక్క తర్వాతి అంకె ముందు చూస్తుంది, ఆ తర్వాతే అసలు డిగ్రీ. మనిషి వేడికి ముందు కదిలేది ఆ చిన్న అంకేనని తండ్రి నేర్పాడట.

పన్నెండేళ్ళ కిందట ఒకరోజు, అంకె పంపిన గంటకి ఫోన్ చేసింది. దగ్గొచ్చి తన ఊపిరి తగిలిందనీ, ఇందాకటి అంకె నమ్మవద్దనీ చెప్పింది. తేడా చూస్తే డిగ్రీలో రెండు పదో వంతులు. ఆఫీసంతా పడీపడీ నవ్వింది. పేరు అప్పుడు పడిందే.

ఈ ఏడు ఆ ఊళ్ళో మిషన్ పెట్టారు. అంకె దానంతటదే వచ్చేస్తుంది. నెలాఖరుదాకా రెండూ సరిచూసి ఆవిడని మాన్పించేద్దామని మా పెద్దసారు ఉద్దేశం.

మొన్న ఆ రెండిటికీ పొంతన కుదరలేదు. మిషన్ ఆరు డిగ్రీలంది, ఆవిడ ఒకటీ పాయింట్ ఎనిమిదంది. ఆకాశంలో మబ్బు తునక లేదు, గాలి లేదు. మర్నాడు తెల్లారేసరికి ఇంకో రెండు మూడు డిగ్రీలు పడిపోవడం ఖాయం. ఆరు నిజమైతే బెంగ లేదు. ఆవిడ మాటే నిజమైతే లోయలో టమాటా నారంతా మాడిపోతుంది. ముందే చెబితే ఒక్క పగట్లో కప్పుకోగలరు. ఉత్తినే భయపెడితే ఇంకోసారి మా మాట వినరు.

ఆవిడకి చత్వారం వచ్చి ఉంటుందని పెద్దసారు తేల్చేశాడు. నేను ఫోన్ చేసి, మళ్ళీ చూశారా అని అడిగాను.

"మూడుసార్లు చూశాను సార్. మా చెల్లెలు ఈ ఏడే మొదటిసారి నారు పోసింది. ఆ భయంతో తక్కువ చూస్తున్నానేమోనని పక్కింటావిడని కూడా చూడమన్నాను. అదే వచ్చింది."

పదికి ఇరవై నిమిషాలుంది. రెండు పదో వంతులకే మనసు ఒప్పక ఫోన్ చేసిన మనిషి, నాలుగు డిగ్రీలు తప్పుతుందా? పెద్దసారు చత్వారం మాటకి నాకు ఒళ్ళు మండింది. సంతకం నాది, తిట్లూ నావేనని పెద్దసారుకి చెప్పి రాసేశాను: లోయలో రేపు తెల్లవారుజామున నేల గడ్డకట్టే చలి, నారుమళ్ళు కప్పుకోవాలి. మామూలుగా చివర తగిలించే "అవకాశం ఉంది" కూడా తీసేశాను.

మర్నాడు ఆవిడ అంకె సున్నా కిందకి దిగింది. మిషన్ మాత్రం నాలుగు దగ్గర హాయిగా కూర్చుంది. దాన్ని బిగించిన గోడకి అవతల ఆ వారమే బేకరీ పొయ్యి పెట్టారని తర్వాత తెలిసింది. పెద్దసారు నెలాఖరు మాట మళ్ళీ ఎత్తలేదు.

నారు సంగతి కనుక్కుందామని ఫోన్ చేశాను. అడక్కముందే ఆవిడే చెప్పింది.

"ఒక్క మొక్క పోలేదు సార్. ఊరంతా గడ్డి కప్పారు. మా చెల్లెలైతే ఇంట్లో దుప్పట్లన్నీ పట్టుకెళ్ళి మొక్కలకి కప్పేసింది. మేం వణుక్కుంటూ కూర్చున్నాం."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో, ఎన్నాళ్ళుగానో మనసులో నలుగుతున్న మాట చెప్పేశాను. పన్నెండేళ్ళ కిందట ఆ రోజు ఫోన్ ఎత్తింది నేనేననీ, అందరికంటే ముందు నవ్వింది కూడా నేనేననీ.

"తెలుసు సార్," అంది. "ఫోన్ పెట్టెయ్యకముందే నవ్వారు."