మా స్టీలు పళ్ళాల కమిటీ

పక్కవీధి అమ్మాయి ఒకతె మొన్న సాయంత్రం మా ఇంటికి వచ్చింది. మన పట్నానికి కొత్తగా పర్యావరణ కమిటీ ఒకటి వేస్తున్నారని, అందులో నాలాంటి పెద్దవాళ్ళు కూడా ఉంటే బాగుంటుందని, ఎలాగూ రిటైరయ్యాను గనక ఖాళీగానే ఉంటాను కదా అని చాలా మర్యాదగా అడిగింది. ఆ పిల్ల తప్పేమీ లేదు. కానీ కమిటీ అన్న మాట చెవిన పడగానే నా మొహం ఎలా మారిపోయిందో ఏమో, కాఫీ సగంలో వదిలేసి, ఆలోచించుకుని చెప్పండి ఆంటీ అంటూ లేచి వెళ్ళిపోయింది. ఆమె గేటు దాటాక మా ఆయన పేపరు పక్కన పెట్టి, "పాపం, ఆ పిల్లకేటి తెలుసు, నువ్వొక కమిటీని ముంచేసి వచ్చినావని" అన్నారు. ముంచింది నేను కాదు. ఎవరు ముంచారో నా ఈడు వాళ్ళు మీరే విని చెప్పండి.

కొన్నేళ్ళ కిందట శ్రీకాకుళంలో మా నాలుగు వీధుల వాళ్ళం కలిసి ఊరి శుభ్రత కోసం ఒక సంఘం పెట్టుకున్నాం. అధ్యక్షులు మా బావగారు, అంటే మా ఆయన సొంత అన్నగారు. సర్కారు కొలువులో పెద్ద హోదాలో చేసి రిటైరయిన మనిషి, గంజి పెట్టిన చొక్కా, గంభీరమైన గొంతు, ఎవరైనా మధ్యలో మాట్లాడితే కళ్ళద్దాల పైనుంచి ఒక చూపు. టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఊరందరి గొంతులూ విని విని రిటైరయిన నేను కార్యదర్శిని. మీటింగులు ఆయన మేడమీదే జరిగేవి. సంఘానికి పేరు పెట్టడానికే ఎన్ని ఆదివారాలు పోయాయో చెప్పలేను. పేరు కుదిరాక ప్లాస్టిక్ వాడవద్దని ఒక పెద్ద బ్యానరు కట్టించారు, ఆ బ్యానరూ ప్లాస్టిక్కే. ఆ మాట నేనంటే అందరూ నవ్వారు గాని ఎవరూ దాన్ని విప్పలేదు. మొక్కలు నాటాం, ఫొటోలు దిగాం, మేకలు తిన్నాయి, మరుసటేడు అవే గోతుల్లో మళ్ళీ నాటి మళ్ళీ ఫొటోలు దిగాం. ఇంటికొచ్చి నేను గిన్నెలు చప్పుడు చేస్తుంటే మా ఆయనకి మీటింగు ఎలా జరిగిందో అడగకుండానే తెలిసిపోయేది.

మొత్తం ఆ సంఘంలో పనికొచ్చే ఆలోచన ఒక్కటే పుట్టింది, అది నాది కావడం నా ఖర్మ. ఫంక్షన్లకి వాడి పారేసే పళ్ళేలూ, గ్లాసులూ లేకుండా, సంఘం తరఫున స్టీలు పళ్ళాలూ గ్లాసులూ కొని ఉంచుదామని, కావలసిన వాళ్ళు ఊరికే పట్టుకెళ్ళి, కడిగి తిరిగివ్వాలని చెప్పాను. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. మా కన్నవారిది కళింగపట్నం. నాన్నకి పడవ ఉండేది, అమ్మ ఎండుచేపల బేరం చేసేది. మా పెద్దక్క పెళ్ళికి భోజనాలు అడ్డాకుల విస్తళ్ళలోనే, కానీ వండటానికీ వడ్డించడానికీ గిన్నెలన్నీ ఇరుగు పొరుగు ఇళ్ళ నుంచి వచ్చాయి. ఒక్కో గిన్నె అంచు మీద ఆ ఇంటావిడ పేరు చెక్కి ఉండేది. పెళ్ళి అయ్యాక ఆ పేర్లు చదివి, ఎవరి గిన్నె వాళ్ళ గుమ్మంలో దింపి రావడం, చదువుకుంటున్న దాన్ని గనక నా పని. విస్తళ్ళు ఆవులు తినేవి, గిన్నెలు ఇళ్ళకి చేరేవి, మర్నాటి సాయంత్రానికి పెళ్ళి జరిగినట్టు పందిరి ఒక్కటే సాక్ష్యం. ఇసకలో చేప పొలుసు తప్ప పారేసిన వస్తువు చూసి ఎరుగను.

ఇదంతా మేడమీద చెబితే బావగారికి బాగా నచ్చింది. పళ్ళాలు కొన్నాం, ప్రారంభోత్సవమూ చేశాం, రిబ్బను కత్తిరించి బావగారు మా ఊరి నాగావళి నది గురించి, రాబోయే తరాల గురించి మాట్లాడారు. తరవాత పళ్ళాలు ఆయన ఇంటి వెనక గదిలోకి చేరాయి, ఇక బయటికి రాలేదు. ఎవరింట్లో శుభకార్యం ఉందని తెలిసినా నేను వెళ్ళి అడిగేదాన్ని. ఒకరు క్యాటరింగువాడు ఒప్పుకోడన్నారు, ఒకరు కడిగే మనిషి దొరకదన్నారు, చీపురుపల్లి నుంచి వియ్యాలవారొస్తున్నారు, స్టీలు పళ్ళాల్లో పెడితే ఏమనుకుంటారన్నారు ఇంకొకరు. నన్ను చూస్తేనే జనం వీధి మారిపోయే రోజులొచ్చాయి.

అప్పుడే బావగారి మనవరాలికి ఓణీల ఫంక్షన్ నిశ్చయమైంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అధ్యక్షుల ఇంట్లోనే మొదలైతే ఊరు చూస్తుంది కదా అనుకుని, పసుపు దంచే వేళకి వెళ్ళి, మా తోటికోడలి పక్కన నిలబడి, పళ్ళాలు ఫంక్షన్ హాలుకి పంపిద్దామన్నాను. బావగారు కుర్చీలోంచి తలెత్తారు.

"ఏటమ్మా నువ్వనేది? స్టీలు కంచాల్లో పెడితే ఊరేటనుకుంతాది?"

"మొన్న మీటింగులో మీరే కదండీ బావగారూ, ప్రతి ఇంటా ఇదే జరగాలన్నారు."

"అది మీటింగమ్మా. ఇది ఫంక్షను."

ఇంతకన్నా వివరంగా చెప్పాల్సిన పని లేదన్నట్టు ఆయన మళ్ళీ శుభలేఖల మీదికి వంగిపోయారు. మా తోటికోడలు భర్త ఎదట నోరెత్తే మనిషి కాదు. నా చేతిలో ఇంత పసుపు పెట్టి, ఊరుకోమన్నట్టు చూసింది.

ఫంక్షన్ ఘనంగా జరిగింది. పిల్ల నిజంగానే బంగారు బొమ్మలా ఉంది. ప్రతి ప్లాస్టిక్ పళ్ళెం పక్కనా అరచేతంత నీళ్ళ సీసా, దాని చుట్టూ ఆ పిల్ల ఫొటో అచ్చువేయించిన కాగితం. రెండు గుక్కలు తాగి సీసా అక్కడే వదిలి లేచిపోయే వాళ్ళే అందరూ. నేను ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ళు తాగుతుంటే మా ఆడపడుచు, ఏటి వదినా ఈరోజు కూడానా అని నా మోచెయ్యి పొడిచింది.

మర్నాడు పొద్దున్న ఎప్పట్లాగే మా ఆయనతో కలిసి నాగావళి గట్టు వెంట నడుస్తున్నాను. వంతెనకి ఇవతల, ఎవరో ట్రాక్టరుతో తెచ్చి పోసిన చెత్త, ఎంగిలి పళ్ళేలు, వాటి మీద కుక్కలు. దగ్గరికి వెళ్ళేసరికి మా మనవరాలు నవ్వుతూ కనిపించింది. ఒక చోట కాదు, ఆ కుప్ప నిండా, నీటి అంచు దాకా, బురదలో, సాంబారులో, అదే ఓణీ, అదే నవ్వు. మా ఆయన వంగి ఒక సీసా తీసి, తువ్వాలుతో ఆ పిల్ల మొహం తుడిచారు.

అక్కణ్ణించి తిన్నగా బావగారింటికి వెళ్ళి, ఆ సీసా ఆయన టీకప్పు పక్కన పెట్టి, ఎక్కడ దొరికిందో చెప్పాను. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా లేచారు. ఆయన వెనకే మా తోటికోడలు గోనెసంచీ పట్టుకుని బయల్దేరింది. ఆ గంజి చొక్కాతో ఆయన ఆ కుప్పలోకి దిగి, కుక్కల్ని అదిలించి, ఒక్కో సీసా ఏరుతుంటే, ఇన్నాళ్ళకి ఈయనకి తెలిసొచ్చిందని నాకు కళ్ళు చెమర్చాయి. దగ్గరికి వెళ్ళి చూద్దును గదా, ఆయన సీసాల మీది కాగితాలు ఒలిచి, నలక్కుండా సంచీలో వేసుకుంటూ, సీసాలు మళ్ళీ కిందనే పడేస్తున్నారు.

"బావగారూ, మరి సీసాలు?" అన్నాను.

"సీసాలు మునిసిపాలిటీ వోళ్ళు ఎత్తుతారులేమ్మా. పిల్ల బొమ్మలైతే తీసేసినాను కదా."

ఇన్ని మీటింగులు, ఇన్ని ఉపన్యాసాలు, చివరికి ఇదా అని అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. అప్పుడు మాట్లాడింది మా తోటికోడలు. పెళ్ళయినప్పట్నుంచీ ఆయన మాటకి ఎదురాడని మనిషి, చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని ముందుకి వచ్చింది.

"కాయితాలు మనవీ, సీసాలు ఊరోళ్ళవీ అయిపోయినాయేటి? సంచీ ఇలాగియ్యండి."

ఆయన ఇచ్చేశారు. ఆవిడ వంగి ఏరడం మొదలుపెట్టింది, మా ఆయనా నేనూ కలిశాం. బావగారు చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమోనని చూసి, తరవాత తనూ వంగారు. ఎండ ఎక్కేదాకా ఏరాం.

తరవాతి ఆదివారం మీటింగు జరగలేదు, ఆ తరవాతిదీ జరగలేదు. ఆరోగ్యం బాగోలేదని బావగారు అధ్యక్ష పదవి వదిలేశారు. నేనే ఆయన్ని గట్టు మీద చిన్నబుచ్చానని చుట్టాల్లో చెప్పుకున్నారు. ఆయన నాతో సరిగ్గా మాట్లాడటానికి చాలా కాలం పట్టింది. సంఘం అలా చడీచప్పుడు లేకుండా ఆరిపోయింది. కానీ కొన్ని నెలలకి వాళ్ళ చిన్న మనవడి అన్నప్రాశన వచ్చినప్పుడు మా తోటికోడలు ఎవరినీ అడగలేదు, వెనక గది తాళం తీసి, పళ్ళాలన్నీ తనే దులిపి బయటపెట్టింది. నాకు ఫోన్ చేసి, "సెల్లీ, తోమడానికి రావాల, ముందే సెప్తన్నాను" అంది.

భోజనాలయ్యాక పెరట్లో కొళాయి దగ్గర పీటలు వేసుకుని కూర్చున్నాం, ఆవిడా, నేనూ, ఏటి వదినా అని నన్ను వెక్కిరించిన ఆడపడుచూను. మోకాళ్ళు పీకేశాయి, చేతులు నానిపోయాయి. నేను సణుగుతూనే ఉన్నాను. ఒకావిడ తోముతుంటే ఒకావిడ కడుగుతుంటే ఒకావిడ తుడుస్తుంటే, మాటలు వాటంతటవే వచ్చాయి. ఒకే ఊళ్ళో ఇన్నేళ్ళు ఉండి కూడా, మా తోటికోడలు చిన్నప్పుడు నరసన్నపేటలో హార్మోనియం నేర్చుకుందని నాకు ఆ రోజే తెలిసింది.

మా కళింగపట్నంలో పెళ్ళయిన మర్నాడు ఆడవాళ్ళంతా ఇలాగే నూతి చుట్టూ కూర్చునేవారు. ఎవరికి నెల తప్పిందో, ఎవరి పడవ తిరిగి రాలేదో, ఏ కోడలు అత్తింట్లో ఏడుస్తోందో, అన్నీ ఆ బూడిద చేతుల మధ్యే తెలిసేవి, అక్కడే ఓదార్పులూ జరిగేవి. ఇప్పుడు చేతులు కడుక్కుని కారెక్కడమే. వెనక ఏం మిగిలిందో చూసే మనిషి లేడు, ఆగి పలకరించే మనిషీ లేడు. నదిలోకి ఏం కొట్టుకుపోతోందో చెప్పడానికి బోలెడంత మంది ఉన్నారు. నూతి దగ్గర మేము గడిపిన ఆ మధ్యాహ్నాలు ఎటు పోయాయో అడిగితే మాత్రం ఏ కమిటీ ఏం చెబుతుంది?