తోడల్లుడి ఇంటి నేల

టైల్స్ మేస్త్రీ తాను పరిచిన ప్రతి పలకనూ వేలి కణుపుతో తట్టి, చెవి ఒగ్గి వింటాడు. గుల్లగా పలికితే పీకి మళ్లీ వేస్తాడు. పురపాలక సంఘం కట్టించే చౌక ఇళ్ల లాటరీలో అతని పేరు రాలేదు, తోడల్లుడి పేరు వచ్చింది. ఆ ఇంటి నేల పని మాత్రం మేస్త్రీ వంతుకే పడింది. గుమ్మం దగ్గర ఒక పలక గుల్లగా పలికితే, "వాడి ఖర్మ" అనుకుని వదిలేశాడు. మర్నాడు తోడల్లుడు వచ్చి, "నువ్వు వేశాక ఇంక చూసేదేముంది అన్నయ్యా! వచ్చేసారి నీకూ వస్తుందిలే" అన్నాడు. మేస్త్రీ ఉలి తీసి ఆ గుల్ల పలకను పెకలించాడు, కొత్తగా సిమెంటు పరిచి మళ్లీ వేశాడు. తోడల్లుడు దానిమీద కాలు పెట్టబోయాడు.

"ఆగు! తడి ఆరేదాకా ఈ ఇల్లు నాదే" అన్నాడు మేస్త్రీ.