తిరిగేది కనబడని పాట

పోయిన ఆదివారం పొద్దున, హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న మా అమ్మాయి వీడియోలో మాట్లాడింది. వాళ్ళ పక్కింట్లో ఏదో మిక్సీ మోత మొదలైతే ఫోనులో ఏదో నొక్కింది. ఆ తరువాత కూడా ఆగకుండా చెబుతూనే ఉంది, చేతులు తిప్పుతోంది, కళ్ళు పెద్దవి చేస్తోంది, నేనేమో ఇక్కడ కుర్చీలో వెనక్కి వాలి, "అవ్, అవ్, అట్లనే జెయ్యి బిడ్డా" అంటూ తల ఊపుతున్నాను. కాసేపటికి తను ఏదో చూసుకుని మళ్ళీ నొక్కి పడీపడీ నవ్వింది. "అయ్యో నాన్నా, ఇంతసేపు నేను మ్యూట్‌ల ఉన్న! మరి నువ్వేం విని తలూపుతున్నవ్?" అంది. "నిన్ను ఆటపట్టించడానికే" అన్నాను. పక్కనే ఉన్న మా ఆవిడ కూడా నవ్వింది. నేనూ నవ్వాను, కాకపోతే ఆ నవ్వు గొంతు దాటి కిందికి దిగలేదు, ఎందుకంటే మ్యూట్ అనే మాట మా ఇంట్లోకి మొట్టమొదట వచ్చిన రోజు నాకు ఈనాటికీ గుర్తే.

మన వయసువాళ్ళకు టేపురికార్డర్ల సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు గానీ, మా ఇంట్లో ఉన్నది మామూలు టేపు కాదు. కొత్తగూడెంలో మా నాయన మెకానిక్కు దగ్గర కూర్చుని కట్టించుకున్న డెక్కు, దానికి అటూఇటూ నడుమెత్తు చెక్క బాక్సులు. బొగ్గుబాయి కాలనీలో మాకిచ్చిన చిన్న క్వార్టరులో ముందుగది సగం అదే ఆక్రమించేది. మంచం జరిపాం, బియ్యం డబ్బా జరిపాం, చివరికి మా అమ్మ కుట్టుమిషను వరండాలోకి పోయింది గానీ ఆ బాక్సులు మాత్రం అంగుళం కదలలేదు. మా నాయన ములకలపల్లి అవతల అడవి అంచు పల్లెలో పుట్టి, కుర్రతనంలోనే బాయి పనికి వచ్చినవాడు. డ్యూటీ దిగి, ఒళ్ళు తోముకుని, భుజమ్మీది తువ్వాలతో డెక్కును ఒకసారి తుడిచి, క్యాసెట్టు పెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆ కూర్చోవడంలో ఒక పద్ధతి ఉండేది. క్యాసెట్టు చక్రాలు తిరుగుతున్నంతసేపూ చూపు తిప్పేవాడు కాదు, మధ్యలో ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. పాటంటే అంత ప్రాణం అని మేము మురిసేవాళ్ళం.

మోత మాత్రం భరించరానిది. వీధి చివర వాళ్ళు కూడా మా ఇంట్లో ఏ పాట వస్తోందో చెప్పగలిగేవాళ్ళు. పరీక్షల రోజుల్లో పక్క క్వార్టరు ఆమె వచ్చి గుమ్మంలో నిలబడితే, మా అమ్మ నాయన భుజం తట్టి, ఆయన తలెత్తాక, కొంచెం తగ్గించమని చెప్పేది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. బాయిలో మందు పేల్చే చప్పుళ్ళకు అలవాటుపడ్డ మనుషులు, వాళ్ళకు ఈ మాత్రం మోత లెక్కా అని అమ్మ సర్దిచెప్పేది.

నేను అప్పటికి అశ్వారావుపేట దగ్గర పామాయిలు మిల్లులో, గెలల లోడుతో వచ్చే ట్రాక్టర్లను తూచే కాంటా మీద పనిచేస్తున్నాను. భార్యను, పసిపిల్లగా ఉన్న మా అమ్మాయిని కాలనీలోనే ఉంచి వారానికోసారి బస్సెక్కి ఇంటికి వచ్చేవాణ్ణి. రెండువేల దశకం నడిమి రోజులవి. మిల్లులో నా తోటివాడు ఒకడు ఇంటికి పిలిచి, అప్పడమంత బిళ్ళ ఒకటి ప్లేయరులో పెట్టి, ఇందులో వందకు పైగా పాటలున్నాయంటే నేను నమ్మలేదు. ఒక క్యాసెట్టుకు పదో పన్నెండో పాటలు, అందులో రెండు మనకు నచ్చనివి, ఆ లెక్కలో పెరిగినవాళ్ళం కదా. మరుసటి నెలలోనే ఖమ్మం వెళ్ళి, ఎంపీత్రీ పాడే ప్లేయరు కొని, నాయనకు నచ్చే పాత పాటలన్నీ ఒకే బిళ్ళ మీదికి ఎక్కించుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.

తెచ్చినవాణ్ణి తెచ్చినట్టు ఊరుకోకుండా వీధిలో నలుగురినీ పిలిచాను. ప్లేయరుకు వెనక మూడు తీగలు, ఎరుపు, తెలుపు, పసుపు. నాయన డెక్కుకు వెనక ఉన్నవి రెండే రంధ్రాలు. నాకు తోచిన రెండు తీగలు దూర్చి మీట నొక్కితే బాక్సులు రెండూ గుర్రుమని పెట్టిన అరుపుకు మా ఆవిడ ఒళ్ళో ఉన్న మా అమ్మాయి కెవ్వుమంది. గంటసేపు తీశాను, పెట్టాను, చెమటలు కక్కాను. వచ్చినవాళ్ళు ఒక్కరొక్కరే పనులు గుర్తొచ్చి లేచిపోయారు. చివరికి మా ఆవిడ, ప్లేయరుతో వచ్చిన కాగితం తిరగేసి, పసుపుది టీవీకి కదా, బొమ్మ కోసం, అంది చల్లగా. నేను బొమ్మను తీసుకెళ్ళి చెవిలో దూర్చానన్నమాట!

పాట మొదలైంది. అబ్బ, ఆ శుభ్రత! గరగర లేదు, సాగుడు లేదు, కడిగిన ముత్యంలా వస్తోంది. నేను మా నాయన ముఖంలోకి చూశాను. ఆయన ప్లేయరు చుట్టూ చూస్తున్నాడు, వంగి పక్కలకు చూస్తున్నాడు. "దీంట్ల తిరిగేదేదిరా?" అన్నాడు. బిళ్ళ లోపల తిరుగుతుంది నాయనా, బయటికి కనబడదు అని గట్టిగా అరిచి చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది. "తిరిగేది కనబడకుంటే పాటెట్ల ఇంటమురా?" అన్నాడు.

ఆ మాటకు నేను నవ్విన నవ్వు ఇప్పుడు తలుచుకుంటే తల వాలిపోతుంది. మిల్లుకు వెళ్ళి కాంటా దగ్గర కూడా చెప్పి నవ్వించాను, పాత కాలపు మనుషులు ఇట్లుంటారని. ఆయన దిగులు చూసి జాలిపడి ఒక ఉపాయం కూడా చెప్పాను. ప్లేయరు ముఖాన పచ్చగా వెలిగే అంకెలు చూపించి, ఇవి తిరిగితే పాట తిరిగినట్టే నాయనా, అన్నాను. ఆయన అంకెలకేసి చాలాసేపు చూసి, సరేనని తల ఊపాడు. నేను రాసిచ్చిన పాటల చీటీ చూసుకుంటూ, రెండు మూడు వారాలకు ఏ అంకెకు ఏ పాట వస్తుందో ఆయనకు కంఠతా వచ్చేసింది.

ఇక్కడ ఆయన పని ఏమిటో చెప్పాలి. బాయిలో ఆయన టింబరు పని, అంటే బొగ్గు తవ్విన చోట పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని. దిమ్మె పెట్టే ముందు పొడుగాటి ఇనుప కడ్డీతో కప్పును కొట్టి, చప్పుడు వినాలి. గట్టిగా మోగితే మంచిది, డొల్లగా మోగితే రాయి వదులైందని అర్థం, అందరూ వెనక్కి జరగాలి. ఆ కొట్టి వినేవాడు మా నాయన. ఆయన సరేనన్నాకే మిగిలినవాళ్ళు ఆ కప్పు కిందికి అడుగు పెట్టేది. ఆయన పనిచేసే ముఠాలో నేను చిన్నాయన అని పిలిచే ఒకాయన ఉండేవాడు, నాయన కంటే చిన్నవాడు, మా ఇంట్లో మనిషిలాంటివాడు.

ఒక ఆదివారం ముఠా అంతా కొత్త ప్లేయరు వినడానికి మా ఇంటికి వచ్చారు. అమ్మ నాటుకోడి వండింది. నాయన మామూలుగా డెక్కుకు ఎదురుగా, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు, తక్కినవాళ్ళు వెనక చాప మీద అన్నం తింటున్నారు. పాటలు హోరెత్తిపోతున్నాయి. ఇంతలో గదిలోని ఫోను మోగింది, మిల్లు నుంచి మా పై ఆఫీసరు. పాట ఆపేస్తే సరిపోయేది, కానీ చేతిలో రిమోటు ఉంది కదా, దాంట్లో మ్యూట్ అనే మీట ఉంది కదా, దాని గొప్ప అందరికీ చూపించాలి కదా. నొక్కాను. టక్కున అంతా నిశ్శబ్దం. ఆఫీసరుతో మాట్లాడుతున్నానని అందరూ మర్యాదగా నోళ్ళు మూసుకున్నారు.

ప్లేయరు మీద అంకెలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

మా నాయన తల ఊపుతూనే ఉన్నాడు. కుర్చీ చేతి మీద వేళ్ళతో దరువు వేస్తూనే ఉన్నాడు. ఆ నిశ్శబ్దంలో గోళ్ళ చప్పుడు స్పష్టంగా వినబడుతోంది. అంతలో చెయ్యి పైకెత్తి, వెనక్కి చూడకుండానే, పాట మోతను మించేటంత గొంతుతో, "ఇగో, ఈడ జూడుండ్రిరా, సన్నాయి ఎట్ల గుంజుతడో!" అన్నాడు.

మా ఆవిడ, మామయ్య వేళాకోళం చేస్తున్నాడనుకుని, కిసుక్కున నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు. నేను చిన్నాయన ముఖం చూశాను. ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని మా నాయన వీపు వైపు చూస్తున్నాడు. మిగతావాళ్ళూ అంతే. ఆ ఒక్క క్షణంలో వాళ్ళందరికీ ఏం తట్టిందో నాకు అప్పుడు పూర్తిగా తట్టలేదు, ఆ ముఖాలు చూసి భయం మాత్రం వేసింది. ఆఫీసరుకు ఏదో చెప్పి ఫోను పెట్టేసి, గాభరాగా మళ్ళీ మీట నొక్కాను. పాట ఒక్కసారిగా విరుచుకుపడేసరికి గదిలో అందరం ఉలిక్కిపడ్డాం. మా నాయన ఒక్కడే ఉలిక్కిపడలేదు. ఎవరూ బదులివ్వలేదేమని వెనక్కి తిరిగి మా ముఖాలు ఒక్కొక్కటే చూశాడు, నా చేతిలోని రిమోటు చూశాడు, లేచి వెళ్ళి అరచెయ్యి బాక్సుకు ఆనించి నిలబడ్డాడు. కాసేపటికి చెయ్యి తీసి, తువ్వాలతో ముఖం తుడుచుకుంటున్నట్టు ముఖం కప్పుకుని, పెరట్లోకి వెళ్ళిపోయాడు. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. నలుగురి ముందు నా తండ్రి బట్టలు నేనే ఊడదీసినట్టనిపించింది.

చిన్నాయన చెయ్యి కడుక్కుని పెరట్లోకి వెళ్ళాడు. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. ఆయన మా నాయనకు ఎదురుగా నిలబడి, పెదవులు కనబడేట్టు, ఒక్కొక్క మాటే అడిగాడు. "అన్నా, ఎన్నొద్దులాయెనే గిట్ల? నీ చెవి మీదనే గదనే మేం బతుకుతున్నది."

"కడ్డీ చెప్తదిరా చేతికి. డొల్లుంటే అరచెయ్యి జలజలమంటది. ఒక్కనాడన్న తప్పు జెప్పిన్నా?"

"చెప్పలే. రేపు తప్పితే?"

నాయన జామచెట్టు మొదట్లోకి చూశాడు. "చెవి పోయిందంటే బాయిల దించరు, పైకేస్తరు. పైకేస్తే నేనెవ్వన్నిరా?" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు మొదటిసారి సన్నగా వినబడింది.

లోపల అమ్మ గిన్నెలు సర్దుతూ, నాకెప్పటినుంచో ఎరుకే, అంది. మాట్లాడే ముందు ఆయన భుజం తట్టడం ఆమె ప్రేమకొద్దీ చేస్తోందని ఇన్నేళ్ళూ అనుకున్నాను.

తెల్లవారి ఎవరూ చెప్పకుండానే నాయన డ్యూటీ బట్టలు వేసుకోకుండా తెల్లచొక్కా వేసుకుని బాయి ఆఫీసుకు వెళ్ళి, నాకు చెవులు వినబడవు, పైకెయ్యుండ్రి, అని చెప్పేశాడు. పరీక్షకు దవాఖానాకు నేను వెంట వెళ్ళాను. చెవులకు గొట్టాలు తగిలించి, చప్పుడు వినబడితే వేలెత్తమన్నారు. డాక్టరు చెయ్యి మీట మీదికి వెళ్ళిన ప్రతిసారీ నాయన వేలెత్తాడు. చెప్పడానికే వచ్చినవాడు, దాచే అలవాటు మాత్రం పోలేదు. డాక్టరు నావైపు ఒకసారి చూసి, కుర్చీని గోడవైపు తిప్పించాడు. ఆ తరువాత వేలు లేవలేదు. గోడకేసి చూస్తూ, మోకాలి మీద చెయ్యి పెట్టుకుని, బడిలో శిక్ష పడ్డ పిల్లవాడిలా కూర్చున్న ఆ మనిషిని చూడలేక నేను కిటికీలోంచి బయటికి చూశాను.

పైన లాంపురూములో వేశారు. టోకెను చూపిస్తే దీపం ఇచ్చే పని, చెవులతో పని లేదు. ముఠావాళ్ళు దిగే ముందు ఆయన చేతిమీదుగానే దీపాలు తీసుకునేవాళ్ళు, చిన్నాయన రోజూ ఆ కిటికీ ముందు కొంచెంసేపు ఆగి చెయ్యి ఊపి వెళ్ళేవాడట. ఇంట్లో మాత్రం నాయన మళ్ళీ డెక్కుకు ఎదురుగా కుర్చీ వేసుకోలేదు. చెవి మిషను తెస్తానంటే వద్దన్నాడు. ఎప్పుడన్నా ఇంట్లో ఎవరూ లేరనుకున్నప్పుడు పాత క్యాసెట్టు ఒకటి పెట్టుకుని, అరచెయ్యి బాక్సు మీద వేసి నిలబడేవాడు. నేను గుమ్మంలోంచి అది చూసి, చెప్పులు చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళిపోయేవాణ్ణి. చెప్పుల చప్పుడు ఆయనకు వినబడదన్న సంగతి వీధిలోకి వచ్చాక గుర్తొచ్చేది.

ఇప్పుడు ఆయన లేడు, ఆ బాక్సులు లేవు, బిళ్ళలూ పోయాయి. పాట ఎక్కడినుంచో వస్తుంది, దేంట్లోనూ ఏదీ తిరగదు. కాకపోతే, ఫోనులో పాట పెడితే సన్నటి గీతలు కొన్ని పైకీ కిందికీ ఎగురుతుంటాయి, నాయన చూసి ఉంటే ఎంత సంబరపడేవాడో. ఈమధ్య నేను పాట పెట్టుకున్నప్పుడల్లా వాటినే చూస్తున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి రెండుసార్లు పిలిచి, మూడోసారి వచ్చి భుజం తడుతోంది.

పోయిన ఆదివారం అమ్మాయిని నేను ఆటపట్టించలేదు. తను మ్యూట్‌లో ఉందని నాకు నిజంగానే తెలియదు, పెదవులు చూసి తల ఊపాను. మా నాయన దొరికిపోయిన రోజు ముఖం కప్పుకున్నాడు, తెల్లవారి తెల్లచొక్కా వేసుకుని వెళ్ళి చెప్పేశాడు. నేను నవ్వేసి ఊరుకున్నాను, ఇవాళ మళ్ళీ ఆదివారం, ఇప్పుడే ఫోను వెలిగింది, అమ్మాయి పెదవులు కదులుతున్నాయి, నేను తల ఊపుతున్నాను.