మకార్ మీది నాచు

మా ఊళ్ళో పోయినవాళ్ళ దగ్గరికి ఎవరూ వెళ్ళరు. పూడ్చిపెట్టి వచ్చేస్తాం, అంతే. సమాధి మీద నాచు పెరిగినా, చెట్టు మొలిచినా, శిలువ పుచ్చి పడిపోయినా ఆ సంగతి నేల చూసుకుంటుంది. ఒగ్దో ఒక్కతే ఈ మాట వినలేదు. వినకపోవడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య.

ఊరుమ్మడి పొలం, అదే కోల్‌ఖోజ్, దాని పశువులశాలలో ముప్ఫై ఏళ్ళు పాలు పితికిన మనిషి. వేళ్ళు వంకర్లు పోయాయి గానీ నోరు మాత్రం పదునుగానే ఉండేది. నలభయ్యో ఏట ఊపిరితిత్తుల జబ్బు చేసి యాకుట్స్క్ పట్నం ఆసుపత్రిలో రెండేళ్ళు పడి ఉంది. అక్కడి కిటికీలోంచి రష్యన్ల శ్మశానం కనిపించేది. ఆడవాళ్ళు వచ్చి సమాధులు ఊడ్చేవాళ్ళు, కలుపు పీకేవాళ్ళు, ఇసుక పోసి పూలమొక్కలు నాటేవాళ్ళు. మనం మనవాళ్ళని గొడ్లలా వదిలేస్తున్నామన్న మాట అప్పుడే ఆమె మనసులో నాటుకుంది.

భర్త మకార్ గుర్రాల కాపరి. ఒక శీతాకాలం గుర్రాల వెంట పోయి, నది మీద మంచుగడ్డ విరిగి నడుం దాకా తడిసి వచ్చాడు. అప్పట్నుంచి అతని ఒంట్లోంచి వణుకు పోలేదు. పొయ్యి పక్కన పడుకున్నా పళ్ళు టకటకలాడేవి. ఫిబ్రవరిలో పోయాడు. "ఒగ్దో, చలేస్తోందే" అన్నదే ఆఖరి మాట. రెండు రోజులు మంటలు వేసి, అడుగున వేసవిలోనూ గడ్డకట్టే ఉండే రాయిలాంటి నేలను కరిగించి గొయ్యి తవ్వారు.

ఆ మాట ఆమెను నిలవనివ్వలేదు. వేసవి రాగానే గొడ్డలీ పారా పట్టుకుని లార్చ్ చెట్ల అడవిలోని మిట్ట ఎక్కింది. సమాధి చుట్టూ ఉన్న చెట్లు కొట్టేసింది. జానెడు మందాన ఉన్న నాచును చాపలా చుట్టి అవతల పారేసింది. ఏటి ఒడ్డు నుంచి నల్ల ఇసుక మోసుకొచ్చి పరిచింది. నల్లదైతే ఎండను పట్టుకుంటుందని ఆమె లెక్క. లెక్క తప్పు కాదు, వచ్చిన చిక్కల్లా అదే.

మకార్ తమ్ముడు హరితోన్ చూసి అడ్డుపడ్డాడు.

"వదినా, ఆయన్ని పడుకోనివ్వవా? బతికున్నప్పుడూ నీ నసే, పోయాకా నీ నసేనా?"

"నీకేం, నీ చలి వోడ్కాతో పోతుంది. ఆయనకి ఎండ తగలొద్దూ?"

"నేలలో తవ్విన మంచుకొట్టు మీద నాచు పీకితే లోపలి మాంసం ఏమవుతుందో నీకు తెలీదా?"

"మీ అన్న నీకు మాంసంలా కనిపిస్తున్నాడట్రా?"

హరితోన్ మిట్ట దిగి వెళ్ళిపోయాడు.

రెండు వేసవులు బాగానే గడిచాయి. ఇసుక మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉండేది. ఆమె అక్కడే చతికిలబడి, అట్టుముక్క ఒకటి విరిచి పెట్టి, ఊరి కబుర్లన్నీ చెప్పేది. మూడో వేసవిలో ఒక మధ్యాహ్నం కబురు మధ్యలోనే ఆగిపోయింది. కింద ఎవరో నీళ్ళు మింగుతున్న చప్పుడు. గాలి లేదు, పిట్ట లేదు. చెవి నేలకు ఆనించింది. ఒక గుటక. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ గుటక. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. తనకు కలిగింది సంతోషమో భయమో ఆమెకే తెలియలేదు.

ఆ తర్వాత నేల వరస మారింది. శిలువ ఒక వారం ఊరివైపు వంగేది, మరో వారం అడవివైపు. ఆమె నరకని చెట్లు కూడా తాగినవాళ్ళలా ఒరిగి, ఆ ఇసుక మీదికి తలలు వంచాయి. అడుగు తీశాక కూడా నేల కాసేపు కదులుతూనే ఉండేది.

నాలుగో ఏడు జూలైలో వెళ్ళేసరికి ఇసుక లేదు. ఆ చోట గుండ్రంగా నల్లటి నీళ్ళు. నీళ్ళ మీద శవపెట్టె మూత తేలుతోంది. దాని పక్కన, గట్టుకు వీపు ఆనించి, మకార్.

అదే మీసం. పూడ్చే ముందు గడ్డం గీస్తుంటే హరితోన్ చేతిలో కత్తి జారి పడ్డ గాటు కూడా ఎర్రగా అలాగే ఉంది. నాలుగేళ్ళూ ఒగ్దో మీదే పడ్డాయి, అతని మీద ఒక్క రోజు పడలేదు. చూస్తుండగానే ఎండకు కనురెప్పల మీది మంచు కరిగి చెంప మీదుగా జారింది. తలగుడ్డ తీసి తుడిచింది. ఆమె వేళ్ళ కింద ఆ చెంప మెత్తబడింది. నేల ఇన్నాళ్ళూ అతన్ని దాచిపెట్టిందనీ, కుళ్ళబెడుతున్నది తన చేతులేననీ అప్పుడు తెలిసి ఒళ్ళు జలదరించింది.

అడుసు తొక్కడమెందుకు, కాలు కడుక్కోవడమెందుకు అని దెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. హరితోన్ దెప్పలేదు. కాలువ తీసి నీళ్ళు వదిలాడు. అన్నను పడుకోబెట్టి, మూత వేసి, మట్టి నింపాడు. నాచు మోసింది ఒగ్దోయే. సమాధి పక్కది పీకితే ఆ చోటూ కరిగి మునుగుతుంది. అందుకని ఆమడ దూరం పోయి, ఇక్కడింత అక్కడింత తీసి, వేసవంతా వీపున వేసుకు తెచ్చింది.

"ఇది అతుక్కుని పెరగాలంటే ఎన్నాళ్ళు?" అని అడిగింది.

"మనిద్దరం చూడం."

"అందాకా ఆయన?"

హరితోన్ ఆమె మొహం చూడలేదు. "మంచుకొట్టు కప్పు మీద చలికాలం ఏం చేస్తాం వదినా? అదే. పడ్డ మంచు కూడా దుప్పటే. తీసేస్తేగానీ చలి లోపలికి దిగదు."

జనవరి వచ్చింది. వదిలిన ఊపిరి చెవి పక్కనే గడ్డకట్టి గరగరలాడుతోంది. ఒగ్దో చెక్కపార పట్టుకుని మిట్ట ఎక్కింది. మకార్ మీద మోకాలి లోతు మంచు, మెత్తగా, చదునుగా. చాలాసేపు ఊరికే నిలబడింది. తర్వాత పాదాల వైపు నుంచి లాగడం మొదలుపెట్టింది. మోకాళ్ళు, నడుము, ఛాతీ. కింద ఎక్కడో నేల గడ్డకడుతూ టక్కుమని పగిలింది. అంతలోనే మళ్ళీ, పళ్ళు కొట్టుకున్నట్టు టకటకా. ఆమె పార ఆపి విన్నది.

"తెలుసయ్యా," అంది, మెడ దాకా లాగేస్తూ.